పొద్దుగూకినంక లేవొద్దు

తలుపెయ్యకు వదినె. గా చెయ్యి తియ్యి. చంద్రపూర్ నుంచి ఘుగ్గుస్ దాకా లారీల దుమ్మంత మింగుకుంట వచ్చిన, గడపల నిలబెట్టి పంపుతవా? మాట్లాడకు. మాట్లాడుమని నేను అడుగుతనే లేను. ఇను, బస్.

నిన్న చీకటి పడ్డంక మీ కాలనీ మీదికెల్లి విమానం పోయింది. వాకిట్ల నిలబడి చూసినవంట. ఇగ బువ్వ ముట్టలేదంట. పక్కింటి అనసూయక్క చెప్పింది. "నా కొడుక్కు లేవని విమానం గిప్పుడెట్ల లేసింది?" అన్నవంట.

అనవా మరి? కన్న కడుపాయె. నీ జాగల నేనున్నా గదే అందును.

గందుకే వచ్చిన. నీ కొడుకు నోవాను మట్టి చేసిన కాన్నుంచి మీ తమ్ముని మొఖం చూస్తలేవు. చర్చిల గూడ ఆయన ఇటు కూసుంటే నువ్వు అటు కూసుంటున్నవు. "రాహేలమ్మ తమ్ముడు కాదా, సొంత మేనల్లునికే విమానం ఆపిండు" అని పదిమంది నోట్ల ఇన్నవు. మా నోట ఒక్కపారన్న ఇన్నవా?

అసలు ఆయన కొలువేందో నీకు సక్కగ ఎవలన్న చెప్పిన్రా? పేపరుమిల్లుల ఇంగ్లీషు టైపు కొట్టుకుంట నిమ్మలంగ ఉన్న మనిషి. సర్కారు ప్రైవేటోల్లకు గూడ విమానాలు నడుపుకోమని తలుపులు తెరిచె. చంద్రపూర్ల యాపారం చేసే ఒక సేటు, మనుషులను, రోగులను మొయ్యనీకి చిన్న విమానం కొనె, విమానాలు దిగే మోర్వా మైదానంల పెట్టె. మీ తమ్ముడు విద్యాసాగర్‌కు ఇంగ్లీషు వస్తదని పిలిపించుకునె.

విమానం కొనంగనే అయితదా? పుస్తకం ఉండాల్నట. విమానం ఏ యాల్లకు లేవాలె, ఎంత బరువు మొయ్యాలె, మబ్బు పడితే ఏం చెయ్యాలె, రోగిని ఎట్ల ఎక్కించాలె, అన్నీ రాసి ఢిల్లీకి పంపాలె. అక్కడ ముద్ర పడాలె. పడ్డంక దాన్ని దాటి నడిపితే నేరం. రేపు ఒక్క మాట మారినా మల్ల ఢిల్లీ, మల్ల ముద్ర. వచ్చినంక ఆఫీసుల, విమానంల ఉన్న పుస్తకాలన్నిట్ల పాత కాయిదం తీసి కొత్తది పెట్టాలె. గదీ మీ తమ్ముని కొలువు.

దాంట్లనే ఆయన, పైలట్ ప్రహ్లాద్ సారు కలిసి ఒక మాట రాసిన్రు. పొద్దుగూకినంక ఈ మైదానంల విమానం లేవొద్దు, దిగొద్దు. మా ఇంట్లనే, నా చేతి బువ్వ తినుకుంట రాసిన్రు. ఎందుకంటవా? దీపాల్లేవు. కంచె లేదు. చుట్టూ అడివాయె. చీకటి పడుడే ఆలస్యం, అడివి పందులు నున్నటి బాట దొరికిందని విమానం ఉరికే జాగలకే వస్తయి.

రాసి ఊకున్నడా? దీపాలు కొనుమని సేటు ఎంబడి పడ్డడు. గాసునూనె దీపాలుంటయి వదినె, కెటిల్ లెక్క ముక్కుంటది. బాట పొంటి వరుసగ పెట్టి, చుట్టు కంచె ఏస్తే సాలట. వాటినెట్ల ముట్టియ్యాలె, ఎవలు సూడాలె, అంత రాసి తయారు పెట్టిండు. "అర్రె, పగటీలనే తిరుగుతున్నం గదా, ఏం జల్దీ ఉన్నది?" అన్నడు సేటు. గా కాయిదాలు బీరువల పడ్డయి.

ఇగ గా దినం. నువ్వు కాగజ్‌నగర్ల ఉంటివి. సాస్తి బొగ్గు గనిల పనికాడ మట్టి కూలి నోవా మీద పడ్డదని కబురచ్చింది. దవాఖానకు ఉరికినం. కడుపుల నెత్తురు ఆగుతలేదు, జల్ది నాగపూర్ తీస్కపోండ్రి అన్నడు డాక్టరు.

విమానం ఎవలు అడిగిన్రనుకున్నవు? మీ తమ్ముడే! ఎస్టీడీ బూత్‌ల నిలబడి, పది మంది చూస్తుంటె ఏడ్సుకుంట సేటును బతిలాడిండు. గీ ముచ్చట నీకెవలన్న చెప్పిన్రా? చెప్పరు. సేటు సరే అన్నడు. నోవాను అంబులెన్సుల ఎక్కించినం. పొద్దు ఇంక ఉండె వదినె, ఉండె.

రైలుగేటు పడ్డది.

బొగ్గు బండి. పోతనే ఉన్నది, పోతనే ఉన్నది. మీ తమ్ముడు దిగి గేటోని కాల్లు పట్టుకున్నడు. కాల్లు పట్టుకుంటె రైలు ఆగుతదా? గది దాటి మైదానం చేరెటాల్లకు మనిషికి మనిషి కానొస్తలేడు.

ప్రహ్లాద్ సారు విమానం కాడ తయారుగ నిలబడ్డడు. "విద్యాసాగర్, పుస్తకం వద్దంటది, నీకెరుకే. కానీ వాడు నీ మేనల్లుడు. జీపు, అంబులెన్సు లైట్లు పెట్టుకొని లేపుమంటె లేపుత. నువ్వు చెప్పు" అన్నడు.

గట్లనొచ్చునా ఆయన? మామ నోటికెల్లి ఆ మాట అడుగొచ్చునా? పాపం ఆయన గూడ ఏం చేస్తడు.

మీ తమ్ముడు బాట దిక్కు చూసిండు. నేను గూడ చూసిన. దూరంగ నల్లగ ఏందో మెసిలింది. పందులో, తుప్పలో, ఇయ్యాల్టికీ తెల్వది. విమానంల డాక్టరుండాలె, నర్సు గీతిక ఉండాలె. గా పిల్లకు పెండ్లై ఇంక చేతుల గోరింట గూడ పోలె.

నోవాకు తెలివున్నది. "మామా, విమానంల పోతున్నమా?" అన్నడు. గంత నొప్పిల గూడ గొంతుల సంబరం వదినె! చిన్నప్పుడు నువ్వు జాతరకు తీస్కపోతనంటె గట్లనే అడిగెటోడు.

మీ తమ్ముడు వాని చెయ్యి పట్టుకున్నడు. "లేదు బిడ్డా. సడక్ మీదికెల్లే పోదం" అన్నడు.

నాగపూర్ తొవ్వల వరోరా గూడ దాటలేదు. వాని తల నా ఒళ్లెనే ఉన్నది. ఆఖరుకు "అవ్వ వచ్చిందా?" అన్నడు. నిన్నే అడిగిండు. వస్తున్నది అన్న. ఏమనాలె మరి?

నేనూ అడిగిన వదినె, నువ్వొక్కదానివే అనుకోకు. లేపుతె ఏమైతుండె అని కొట్లాడిన. "బతుకుతుండెనేమో. అందరు పోతుండెనేమో. నాకు తెల్వది హెలెన్" అంటడు. ఎన్నిమార్లు అడిగినా గదే మాట. తెలిస్తె జర నిద్ర పట్టేదేమో. గది గూడ లేదు.

ఇగ నిన్నటి విమానం సంగతి. రెండు మూడు నెల్ల కింద సేటు ఎవలదో పెండ్లికని నాగపూర్ పోయిండు. చీకటైందని ప్రహ్లాద్ సారు వాపస్ తీసుకరాలె. రాత్రంత అక్కడ్నే ఆగవలసొచ్చిందని సేటుకు కోపమొచ్చింది. ఇగ చూడు! దీపాలొచ్చినయి. కంచె పడ్డది. బీరువల కాయిదాలు ఢిల్లీ పోయి ముద్రేసుకొని వచ్చినయి. కొత్త పేజీలు ఎవలు పెట్టిన్రు? మీ తమ్ముడే. పాత పేజీ ఉంచొద్దట, చింపాల్నట. గది చేత పట్టుకొని కుర్చీల అట్లనే కూసున్నడట. ఆఖరుకు ఆఫీసు ప్యూను లస్మయ్య వచ్చి చింపిండట.

కొలువిడిసి పెట్టుమన్న. "నేను పోతె ఇంకొకడొస్తడు, సేటు చెప్పింది చెప్పినట్టు రాస్తడు" అన్నడు. గది నిజమే కావొచ్చు. నాకేం సమజైతలేదు.

ఏందంటివి?

ఆఁ… ఇప్పుడు గనిల ఎవలకన్న దెబ్బ తాకితె, చీకటైనా తీస్కపోతరా అంటవా?

పుస్తకం ప్రకారమైతె తీస్కపోవచ్చు. దీపాలున్నయి, కంచె ఉన్నది. సేటు విమానం ఇస్తడా ఇయ్యడా, గది ఏ పుస్తకంల రాస్తరు వదినె?

ఆయన గూడ వచ్చిండు. గల్లీ మలుపు కాడ నిలబడ్డడు. ఇంట్లకు రానీకి పానం ఒప్పుతలేదు. పిల్వనా?

…

వద్దంటవా? సరే. గట్లనే కానియ్యి. బస్సుకు యాల్లయింది, పోతం.