ఎర్ర అక్షరాలు

ల్యాబ్ రిపోర్టు టెంప్లేట్లన్నిటినీ ఒక్కసారిగా సరిచూసి కంపైల్ చేసే 'బిల్డ్' ప్రోగ్రాం ఆ ఉదయం కూడా మధ్యలో ఆగిపోయింది. అతను విసుగ్గా లేచి వెళ్ళి ఆఫీసులో తనకంటే సీనియరైన ఆమె పక్కనున్న ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు.

"అక్కా, దొంగ దొరికింది. రక్తపరీక్ష టెంప్లేట్‌లో రోజూ ఒక ట్యాగ్, ఆ చిన్న కోడ్ ముక్క, మాయమై బిల్డ్ ఆగిపోతోంది కదా? ఎవరు తీస్తున్నారో చూశాను. నీ పేరుంది."

"ఉంటుంది."

"చేయి జారిందా?"

"చేయి రోజూ జారుతుందా, తమ్ముడూ?"

"మరి నా మీద కోపమా? దిద్దలేక చస్తున్నాను."

"నీ మీద కోపమెందుకు? బిల్డ్ ఆగిపోతే తెర మీద ఏమొస్తుంది?"

"ఎర్ర అక్షరాల్లో ఏదో... 'కంగారుపడకు. టీ తాగి రా, ఇద్దరం కలిసి చూద్దాం' అని. ఎవడి వేళాకోళమో!"

"మీ బావది."

 బావ పోయాకే అతనీ ఉద్యోగంలో చేరాడు.

"ఈ బిల్డ్ అంతా ఆయనే రాశాడు. అప్పట్లో టెంప్లేట్లు పాడుచేసేది నేనొక్కదాన్నే. నేను ఏడుపుమొహం పెడుతున్నానని ఆ మాట అందులో పెట్టాడు. అన్నీ సరిగ్గా కంపైలైతే అది రాదు."

"అందుకని..."

"అన్నీ సరిగ్గా ఉన్న రోజు ఆయన నాతో మాట్లాడడు, తమ్ముడూ."

అతను ఆ కుర్చీలోంచి మెల్లగా లేచాడు.

"ఇవాళ దిద్దడం కాసేపాగి చేస్తాలే. నువ్వు టీ తాగి రా, అక్కా."

"రోజూ తాగే వస్తున్నాను. వచ్చేసరికి ఆయన ఉండడం లేదు."