దెబోరా కేక

బయ్యమా? విమానమెక్కను బయపడి నన్నడుగుతాండావా వినీతూ? ఇట్ల కూచో అప్పా. మా దెబోరా పోయింది విమానంలోనే గదా. నువ్వప్పటికింకా పుట్టలేదులే. నా బిడ్డని నేనే చెప్పుకోకూడదు గానీ, గోస్పాడు మొత్తం మీద అట్లాంటి గొంతు ఇంకోటి లేదు. చిన్నప్పుడు జొన్నచేన్లో మంచెక్కి కేకేస్తే పక్కూరి చేన్లో గువ్వలు గూడా లేచిపోతాండె. కేకంటే ఊరికే అరిచేది కాదప్పా. కడుపులోంచి లాగి ఒక్కటెయ్యాల, నోరు మూసుకోని ఇనాల, అవతల మంచె మీదోళ్లు పలికినాక ఇంకోటెయ్యాల. ఇప్పుడేముంది, చేన్లల్లో స్పీకర్లు పెడ్తాండారు... యాడుంటి? ఆఁ, అది నర్సు చదివింది. అస్సాం అవతల ఏదో మిషనాసుపత్రిలో పని. ఆ ఊరి పేరు నాకు నోరు తిరగదు. సెలవు పెట్టి ఇంటికొస్తాంటే వాన, మంచు. పైలట్టుకు కొండ కనపడలేదంట. పోయి గుద్దుకునింది.

బతికిన కొంతమందిలో మా దెబోరా ఒకటి. ఆనందరావని కాకినాడ డాక్టరు, ఆయనా బతికినాడు, కొందరు చిన్నపిల్లోళ్లూ బతికినారు. తర్వాత మా ఇల్లెతుక్కోనొచ్చి, ఈ అరుగు మీదే కూచోని చెప్పినాడు ఇదంతా. చేయి చాపితే చేయి కనపడని మంచంట. కొండోళ్లు ఎతుకుతాండారు గానీ యాడని ఎతుకుతారు? బతికినోళ్లంతా ఒకేసారి అరుస్తాంటే ఇది గదమాయించిందంట, "నోర్లు మూసుకోండి, పలికినోళ్ల గొంతు ఇననీయరా!" అని. ఒక్క కేకేసి ఆగింది. కింద లోయలోంచి ఎవురో పలికినారు! అప్పుడా డాక్టరు, "వద్దమ్మా, నీకు పక్కటెముకలు విరిగాయి, లోపల రక్తం పోతోంది. అరిస్తే నువ్వు దక్కవు" అని చేతులు పట్టుకున్యాడంట. "నర్సును సార్, నాకూ తెలుసు. నేనాపితే వాళ్లు దోవ తప్పుతారు, ఈ పిల్లోళ్లు చలికి పోతారు" అనిందంట. పాపం, ఆయప్ప తానే కేకేసి చూసినాడు. పక్కచెట్టు దాటలేదంట! నవ్వుతాండావా? ఆయనా నవ్వినాడు చెప్తా చెప్తా, మళ్లా ఏడ్సినాడు. కొండోళ్లు వచ్చి చేరేదాకా ఇది పిలుస్తానే ఉండింది. ఆ పిల్లోళ్లందరూ బతికినారప్పా, ఒగరు గూడా పోలేదు. దీన్ని మోసుకోని దిగుతాంటే దోవలోనే...

"అరవకుండా ఉండింటే నా బిడ్డ దక్కుండునే" అని మీ చెన్నమ్మవ్వ ఇప్పటికీ అంటాది. నేనొప్పుకోను. "పక్కన పిల్లోళ్లు పోతాంటే ఊపిరి దాచుకునేది మన దెబోరా ఎట్లయితాది మేయ్?" అంటా. చర్చిలో గూడా నిలబడి అంటా, రొమ్మిరుచుకోని అంటా. అంటా గానీ వినీతూ... ఆ ఆఖరి కేక ఒగటి ఎయ్యకుండా ఉండింటే...

ఉష్, మీ అవ్వొస్తాంది. ఏమప్పా, కాలవకు నీళ్లొదిలినారా లేదా?