బాలప్ప చక్రాలు

(రాప్తాడు. 1950ల కరువు కాలం, ఎండపొద్దు. వడ్రం కొట్టంలో కండ్లు పోయిన బాలప్ప, ఆయన కొడుకు నరసింహప్ప.)

“రేయ్ నరసింహా, సన్న ఉలి యాడరా?”

“గూట్లోనే ఉంటాది చూడు.”

“లేదే. దాని గూడు ఖాళీగా ఉండాది. పక్కది... ఇదీ ఖాళీనే. బర్మా లేదు, బాడిస లేదు. గోడంతా బోడిగా తగులుతాండాది. ఎవురు తీసినారు?”

“నేనే.”

“యాల?”

“ఊరికే.”

“ఊరికేనా? రేయ్, కండ్లకు మసక కమ్మినప్పుడే ఒక్కొక్క సామానుకు కొలత తీసి, అది ఎట్లుంటే అట్ల పలకలో గూడు తొలిచి గోడకు కొట్టుకున్నా. చెయ్యి సాపితే ఉలి చేతిలో ఉండల్ల. నా కండ్లురా అవి. ఎవురూ ముట్టగూడదని చెప్పినానా లేదా?”

“చెప్పినావు.”

“మరి?”

“మరి నువ్వు ఇందాక నారాయణ మేస్త్రితో ఏమి చెప్పినావు?”

“ఓహో. అదా కత.”

“అదే. అనంతపురం నుంచి బస్సెక్కి మన కొట్టం ఎతుక్కుంటా వచ్చినాడు ఆయప్ప. ఇస్కూలు బెంచీలు చేసే పని, ఏడాది పొడుగునా ఉంటాది, నీ కొడుకును పంపిస్తావా అన్నాడు. ఈ కరువులో! వాని పనితనం ఎట్లుంటాది బాలప్పా అని ఒగే ఒగ మాట అడిగినాడు. నువ్వేమంటివి?”

“ఉన్నదే అంటి.”

“ఏమంటివో మళ్ళా అను.”

“వానికి పార ఇచ్చి గుంతలు తవ్వించుకోప్పా, ఉలి మాత్రం ఇయ్యద్దు అంటి. తప్పా?”

“ఆయప్ప నగినాడు నాయనా. నా పెండ్లాం మజ్జిగ తెచ్చి నిలబడుకోనుంటే, దాని ముందరే నగినాడు. మజ్జిగ గూడా తాగకుండా లేసిపాయె.”

“దప్పిక లేదేమో.”

“ఈ ఎండలోనా?”

“గమ్మునుండు. ఉలి తెచ్చియ్యి. పని నిలబడిపోయింది.”

“ఇస్తా. అన్నీ మళ్ళా గూళ్ళలో పెడతా. బస్సు ఇంకా రాల్యా, ఆయప్ప రోడ్డు మీదనే ఉండాడు. నా చెయ్యి పట్టుకోని రా. నగసాట్లకు అంటి, నా కొడుకు పనిమంతుడే అని ఒగ మాట చెప్పు.”

“నువ్వే పోయి చెప్పుకో.”

“నా మాట యాడ నమ్ముతాడు? నీ నోటితో రావల్ల.”

“రాదు. ఉలి తే.”

“అయితే ఎతుక్కో. కింద నేల మీదనే పరిచినా అన్నీ. వంగి తడుముకో. మొనగానివి కదా.”

“కన్నతండ్రితో ఆటలాడతావా? యాడ... ఇది సుత్తి. ఇది... ఇది... అబ్బా!”

“ఏమాయె?”

“వేలు తెగింది. నగుతాండావా?”

“లేదు. చూస్తాండా.”

“చూడు, చూడు. చూసేదొక్కటే వస్తాది నీకు. చిన్నప్పుడు చిత్రిక పట్టమంటే పలక మీద చేను దున్నినట్ల దున్నినావు. సుత్తితో ఒగటేస్తే బుద్ధి వస్తాదనుకుంటి. రాల్యా.”

“మణికట్టు విరిగె నాయనా ఆ పొద్దు.”

“విరిగినా పని రాల్యా గదా. నన్ను చూడు. కండ్లు పోయినా చుట్టుపక్కల ఊర్లన్నీ నా బండి చక్రాలే అడుగుతాయి. యాల? బుర్ర! ఈ అచ్చు చూడు. కట్టెను ఈ కాలవలో పండబెట్టి, ఈ మేకు తగిలేదాకా నూకి, ఈ సందులో రంపం ఆడిస్తే చాలు. నడుమ నుంచి అంచుదాకా పోయే చక్రం ఆకులన్నీ ఒగే పొడుగు. కండ్లు అక్కరే లేదు. ఇట్లాటి అచ్చు నీ జన్మలో చేస్తావా?”

“ఆ మేకు ఊపు.”

“ఏమి?”

“మేకు పట్టుకోని ఊపు నాయనా.”

“... కదలతాండాది.”

“ఎప్పుడో వదులైంది. కట్టె తగిలినప్పుడల్లా జరుగుతాది. నువ్వు కోసే ఆకు ఒగటి పొడుగు, ఒగటి పొట్టి.”

“నీకు తెలుసా?”

“ఎప్పుడో తెలుసు.”

“తెలిసీ బిగించలేదా? ఒగ్గ దెబ్బరా! సుత్తితో ఒగ్గ దెబ్బ!”

“బిగించింటే మళ్ళా నువ్వే మొనగానివి.”

“థూ! అబద్ధం. ఆకులు అట్లుంటే చక్రం యాడ నిలుస్తాది? ఎవురన్నా వచ్చి కొట్లాడల్ల గదా? ఒగడన్నా వచ్చినాడా?”

“ఆంజినమ్మా! ఓ ఆంజినమ్మా! ఇట్ల రా.”

“ఏంటికి పిలిస్తివి? పొయ్యి మీద ఎసురుండాది.”

“నా కోడలు అబద్ధం చెప్పదంటావు గదా నాయనా, ఇను. ఆంజినమ్మా, మామకు చెప్పు. ఆ ఎసురు దేంతో కాగుతాండాది?”

“కట్టెలతో. ఇదేమి అడిగేది?”

“ఏ కట్టెలు?”

“వద్దులే. ముసలాయప్ప.”

“చెప్పమ్మీ!”

“చెప్పు తల్లీ. భయమేంటికి?”

“... నువ్వు కోసిన ఆకులు మామా. నీ చక్రాలు... విప్పి, చీల్చి, పొయ్యిలో పెడతాండాం. నేను వద్దంటి మామా, ఈయప్పే... పోతా. ఎసురు పొంగుతాది.”

“ఎప్పటి నుంచిరా?”

“కరువొచ్చినప్పటి నుంచి. పుల్ల దొరకని కాలంలో బాగా మండినాయి నాయనా నీ చక్రాలు. తుమ్మ గదా. సంగటి బిర్నా ఉడికె.”

“అన్నీనా?”

“అన్నీ. ఒగటీ గడప దాటలేదు.”

“... నిన్న బిగించింది? దినమంతా కూర్చోని బిగిస్తి గదరా.”

“అదే ఇప్పుడు మండేది.”

“ఇంగ చెప్పు.”

“గడప దాటినవి నావి. గౌస్ పీర్ కొలిమి కాడ కూర్చోని చేసినా. ఇనుప పట్టా ఎక్కించేది ఆయప్పే గదా, నీ పేరు చెప్పి ఇచ్చినాడు అందరికీ. మొదట్లో నీ మనసు నొచ్చుకుంటాదని దాచినా. రానురాను నువ్వు తిట్టేది తిట్టినట్లే ఉంటివి, నేను దాచేది దాచినట్లే ఉంటి. ఊర్లన్నీ అడిగేది నా చక్రాలు నాయనా. నావి! ఏడుస్తాండావా?”

“లేదు.”

“ఇంగ తెలిసె గదా. లెయ్యి. అదిగో బస్సు మోత, బిర్నా పోతే అందుకుంటాం. వేలికి గుడ్డ దోవలో కడతా. లెయ్యి నాయనా!”

“ఉండు. కాలు తిమ్మిరెక్కింది.”

“ఎత్తుకోని పోతా. చెయ్యి ఇయ్యి!”

“ఉండ్రా. పంచె సదురుకోనీ.”

“బస్సు నిలబడింది... ఆయప్ప ఎక్కుతాండాడు... నాయనా, బతిమాలుకుంటాండా...”

“చేతికట్టె యాడ? అది గూడా దాచినావా?”

“నీ చేతిలోనే ఉండాది! ... పాయె. పాయె నాయనా. బస్సు కదిలిపాయె.”

“ఇనపడె.”

“ఇట్లాటి మేస్త్రి మళ్ళా ఈ గడప తొక్కుతాడా?”

“తొక్కడు. నరసింహా, నాకు తెలుసురా.”

“తొక్కడనా?”

“చక్రాలు నీవని. నా చక్రాలని కొనుక్కున్న బయ్యన్న తన బండి వాకిట్లో నిలిపినప్పుడు తడిమి చూసినా. ఆకు దిగిన చోట వెంట్రుక దూరదు. నా కండ్లు బాగున్న కాలంలో గూడా నా చేతికి అంత పని రాల్యా.”

“తెలిసీ... తెలిసీ ఆ మేస్త్రితో అట్ల చెప్పినావా?”

“చెప్పినా.”

“యాల? యాల నాయనా?”

“నువ్వు అనంతపురం పోతే, బాలప్ప చక్రాలు ఎవుడు చేస్తాడ్రా?”