ఒంటిపూట మొక్కు

ఆదివారం మధ్యాహ్నం బెజవాడలో కాలేజీ హాస్టల్ వరండాలో క్యారేజీ విప్పుతూ, తల్లి కూతురి చేతులు తిప్పి చూసింది.

“మార్కులు తగ్గాయన్నావుగా. మళ్లీ గిచ్చుకోలేదు కదా?”

“లేదమ్మా. అహింసంటే మనల్ని మనం బాధపెట్టుకోకపోవడం కూడానట. యోగా మేడం చెప్పారు.”

“అమ్మో, సన్నాసుల్లో కలిసిపోతావా ఏంటే?”

“లేదులే. నువ్వు తిన్నావా?”

“నీకు ర్యాంకొచ్చేదాకా రాత్రి ఒక్కపూటే తింటానని దుర్గమ్మకి మొక్కుకున్నా.”

“అదీ గిచ్చుకోవడమేనమ్మా. నువ్వు పస్తుంటే నాకు లెక్కలెలా ఎక్కుతాయి?”

“తప్పు, తప్పు! అమ్మవారు వింటుంది!” అంటూ తల్లి లెంపలేసుకోబోయింది.

కూతురు ఆ చేతిని గాల్లోనే పట్టుకుంది. “ఇదీ వద్దు.”

పోయిన నెల ఒక్క మార్కుకి గోడకేసి తల బాదుకున్న పిల్లేనా ఇది? తల్లి కూతుర్ని తేరిపార చూసింది.

“నోరు తెరువు,” అంటూ కూతురు ముద్ద కలిపింది.

అమ్మవారి ప్రసాదం అందుకుంటున్నట్టు తల్లి కళ్లు మూసుకుని నోరు తెరిచింది.