తువ్వాలోడి కడపటి కాగితం

ఏం పిల్లల్లారా, ఈ బొమ్మల పుస్తకంలో కడపటి కాగితం మాత్రం ఎందుకిట్లా చుట్టుకోని పోతాదో ఎవరు చెప్తారు? చెయ్యెత్తి చెప్పాల. తెలీదా? సరే, వినండి.

అప్పుడు మేము ఏళాయిరంపన్నైలో ఉంటిమి. నేను బస్సులో కోవిల్‌పట్టి బడికి పోయొచ్చేదాన్ని. మా అత్త, అంటే మీ తాత వాళ్ళమ్మ, ఇంట్లో టపాసు గొట్టాలు చుట్టేది. పాత కాగితాలు కట్టలుగా ఇస్తారు, బంక పూసి కడ్డీకి చుట్టాల, అంతే. అట్లా ఒక కట్టలో దొరికె ఇది. అత్తకు చదువు రాదు. అట్ట చూసి, "ఏమే టీచరమ్మా, తువ్వాలు కట్టుకోని ఎగరతాండాడే, ఎవడే వీడు?" అనె. ఇంక వాడికి అదే పేరు, తువ్వాలోడు!

నేను అరవంలో చదివేది, తెలుగులో చెప్పేది. రోజుకు రెండే పేజీలు. ఒకనాడు దొంగలు వాణ్ణి బాయిలో తోసి, పైన బండ మూసిరి. మరునాడు నేను బస్సు దిగతానే అత్త వీధిలో నిలబడి, "తువ్వాలోడు బయటికొచ్చెనా?" అని అరిచె. వీధంతా ఒకటే నవ్వు!

తీరా చూస్తే కడపటి కాగితం లేదు.

అత్త నోటిమీద చెయ్యేసుకునె. "అయ్యో, ఊడిపోయుండె, ఇందాక నేనే చుట్టేస్తినే! వాడు బయటికొచ్చేదాకా నేను కాపీ నీళ్ళు తాగను."

గొట్టాలా, గంపెడు. ఏజెంటు సాయంత్రం వచ్చి తీసకపోతాడు. మందు కూరితే తువ్వాలోడు దీపావళికి డామ్మే కదా! ఇద్దరం కూర్చోని, తడి ఆరకముందే ఒక్కొక్కటీ విప్పితిమి. ఒకదాంట్లో పెండ్లిపత్రిక. ఇంకొకదాంట్లో ఎవరిదో పరీక్ష పేపరు, లెక్క తప్పు. నా చెయ్యి ఊరుకుంటాదా, దిద్దబోతి.

"దిద్దేది తర్వాత! వాడు బాయిలో ఉండాడు!"

అంతలో వాకిట్లో సైకిలు గంట. అత్త పోయి గంప మీదే కూర్చునె. "ఇంకా ఆరలేదప్పా, టీ తాగేసి రా!" గంప వంగిపోయె, నవ్వుతో నాకు కడుపునొప్పి. అప్పుడు దొరికె! తువ్వాలోడు భుజంతో బండ నెట్టి బయటికొచ్చినాడు. అత్త చప్పట్లు కొట్టె, బంకకు చేతులు రెండూ అతుక్కునె!

ఏం చెప్తా ఉంటి... ఆఁ, పదేండ్లు పోయినాక విరుదునగరం నుంచి ఒకాయన వచ్చె. ఇట్లాంటివి పోగేస్తాడంట. "మొదటి సంచికమ్మా, ఎక్కడా దొరకదు, అడిగినంత ఇస్తా" అనె.

అత్త అడిగె: "వాడు బాయిలోనుంచి ఎట్లా వచ్చెనో తెలుసునా నీకు?"

"నేను చదవను అవ్వా, కవర్లో పెట్టి దాస్తా."

"అయితే వాణ్ణి మళ్ళీ మూసేది నువ్వేనా! పోయిరా నాయనా."

సరే, ఆ నూరురాయి ఇట్లా ఇయ్యండి. కాగితం మీద బరువుకు పెడితి, అక్కడ పచ్చడి సగంలో నిలిచిపోయె. మీరిద్దరూ చేతులు పెట్టి గట్టిగా పట్టుకోండి, నూరేసి వస్తా. వదిలితే వాడు మళ్ళీ చుట్టుకుంటాడు!