మచ్చ అంటని రాగులు

"అవ్వా, మీ కాలంలో రాగికి అగ్గితెగులు వస్తే ఏం చేస్తాంటిరి?"

ఏం చేస్తాంటిమి, చూస్తా కూచుంటాంటిమి. మందా మాకా అప్పుడు? నువ్వు కాలేజీలో ఈ బూజు చదువు చదవబట్టి అడుగుతాండావు గాని, మీ నాయన ఒక్కనాడన్నా అడిగినాడా? సరే, ఆ రికార్డు చేసే ఫోను దగ్గరికి పెట్టు, నా గొంతు లోపలికి పోయింది.

నేను పెండ్లై పెనుకొండ కాడ ఈ ఊరికి వచ్చేసరికి ఏటేటా అదే గోల. ఆకుమీద మచ్చ లేస్తాది, ఆమైన కంకి వచ్చినంక దాని మెడకాడ నల్లగైతాది, గింజ తాలు. మా పుట్టినూరు కన్నడ సరిహద్దులో, అగళి పక్క. ఆడ మా అమ్మ చేన్లో ఒక రకం రాగి ఉండె, దానికి మచ్చ అంటదు. "ఆ ఊర్లో రాగి మాడిపోతాదంట, ఇది తీసుకోపో" అని, నాకు ఒడి నింపేటప్పుడు బియ్యం బదులు ఆ రాగులే పోసె. మా అత్త చూసి, "బియ్యానికి గతిల్యాక రాగులు కట్టి పంపినారు" అనె. కన్నడం కలిపి మాట్లాడ్తానని అదొక ఎగతాళి.

మీ తాత మాత్రం వాటినే బాయి కింద నారు పోసె. కపిల బాయి, ఎద్దులతో నీళ్లు తోలేది, నువ్వు చూసుండవులే. ఆ యేడు చుట్టూ చేన్లన్నీ మాడిపాయె, మాది పచ్చగా నిలబడె. ఇంగ చూడు, ముంతలు పట్టుకోని ఊరంతా మా ఇంటి ముందరే! వాళ్ల ఇత్తనాలు సంగటి గెలికి తినేసి, నావే పోసుకున్యారు. పోను పోను ఊర్లో వేరే రాగి గింజే ల్యాకపాయె. మీ తాత మురిసిపోయి హిందూపురం నుంచి కమ్మలు తెచ్చె... కాదు కాదు, కమ్మలు మీ నాయన పుట్టినప్పుడు. అప్పుడు తెచ్చింది ధర్మవరం చీర, పచ్చంచుది.

మా అత్త ఒక్కతే ఒప్పుకోలే. "దాని సంగటి బంక బంక, నా గొంతు దిగదు" అని బాయి వారన నాలుగు సాళ్లు పాత కలగలుపు రాగే నాటుకుంటాండె. పొట్టిదీ పొడుగుదీ, ముద్ద కంకీ, విచ్చుకున్న కంకీ, అన్నీ ఒకే చోట. మీ తాత పీకేద్దామన్యాడు. "నన్ను పీకినంక దాన్ని పీకు" అనె. ముందుచూపు గాదు పాపా, ఉత్త మొండితనం.

కొన్నేండ్లు బాగనే జరిగె. ఆమైన ఒక యేడు తుంపర పట్టుకోని వదల్లే. పొద్దన్నే చేన్లోకి పోతే నా రాగి ఆకుమీద మచ్చ. మట్టేమో అని వేలితో తుడిచినా. పోలే. కంకి వచ్చేసరికి ఊరు ఊరంతా మెడలు నల్లగై వాలిపాయె. నువ్వు నిన్న చెప్తివి కదా, చెట్టుకూ లోపల కాపలా ఉంటాదని, ఆ బూజు మారి మారి దాని కన్నుగప్పుతాదని. అదే మరి. అన్నిండ్లకూ ఒకే కుక్క కాపలా ఉంటే, దొంగోడు దాన్నొకదాన్ని మచ్చిక చేసుకుంటే సాలు కదా.

తెగులును ఎవరూ తిట్టలే, నన్ను తిట్టిరి. అగళి నుంచి రోగం మోసుకొచ్చిందంట. యాడ చూసినా అదే మాట. సంగటికి రాగుల్లేవు, ఏ మొగం పెట్టుకోని ఉండేది? పుట్టింటికి పోదామని గుడ్డలు మూట కట్టుకున్యా.

అత్త సాళ్లల్లో సగం మాడె, సగం నిలబడె. నిలబడిన కంకులు కొట్టి, చేట్లో ఏసుకోని లోపలికి వచ్చె ఆయమ్మ. నా మూట చూసె. "ఒడి పట్టు" అనె. కొంగు పట్టినా. చేట వొంచి పోసె.

"ఇత్తనానికి దీంట్లో, కుండలో మిగిలిన మీయమ్మవి గూడా రెండు గుప్పిళ్లు కలుపు. సంగటి బంకైనా తింటాలే" అనె.

ఆ పొద్దు ఏడ్చినంత మా అమ్మ పోయినప్పుడు గూడా ఏడ్వలే.

ఏంటికి అట్లా చూస్తాండావు? ఆ కలగలుపు ఇప్పటికీ కుండలో ఉండాది, యేటా మీ నాయనతో నాటిస్తాండా. నీ ఒడి నింపే దినానికి నేనుంటే నేనే పోస్తా, ల్యాకుంటే మీయమ్మ పోస్తాది. సల్లగా ఉండు తల్లీ... ఇంగ ఆపు దాన్ని, ఎసరు మరుగుతాండాది.