నోరు తిరగని వాక్యం

పొద్దున్నే, మున్సిపల్ అధికారి ఇంటి హాల్లో ఇంగ్లీషు పాఠం.

"ఇంకోసారి అంటానుండు టీచరమ్మా. వియ్ హావ్ ఇంపోజ్డ్ ఎ బ్యాన్! మేం నిషేధం విధించాం! ఎలా ఉంది?"

"బాగుంది సార్. అది వచ్చేసింది మీకు, ఇక చాలు."

"ఎన్‌ఫోర్స్ అంటే అమలు చేయడం. ఎక్స్‌టెండ్ అంటే పొడిగించడం. క్రాక్ డౌన్ అంటే విరుచుకుపడటం. నిద్రలో లేపి అడిగినా చెప్తా. ప్రమోషన్ ఇంటర్వ్యూలో దులిపేస్తా చూడు!"

"నిషేధం పెట్టే మాటలన్నీ నోటికొచ్చాయి. మరి తీసే మాటలు? లిఫ్ట్, రివోక్, విత్‌డ్రా. మొదటి రోజు నుంచీ చెప్తూనే ఉన్నా."

"అవి... అవి కొంచెం కష్టంగా ఉన్నాయమ్మా."

"క్రాక్ డౌన్ కన్నా లిఫ్ట్ కష్టమా సార్? అనండి. ద బ్యాన్ హాజ్ బీన్ లిఫ్టెడ్. నిషేధం ఎత్తేశాం, అంతే."

"ద బ్యాన్... హాజ్... బిన్... అబ్బ, నాలుక మడత పడుతోంది. రేపు చూద్దాం."

"రోజూ రేపే. ఫీజు కూడా వద్దని నేర్పుతున్నా. ఎందుకో మీకు తెలుసు."

"తెలుసులే. మీ నాన్న బండి."

"ఆస్పత్రి రోడ్డులో పళ్ళ బళ్ళు ఉండకూడదన్నారు. వేసవి అయ్యేదాకానే అన్నారు. వానలొచ్చి వెళ్ళిపోయాయి కూడా. ఇంట్లో కూర్చుని గోడకేసి చూస్తున్నాడాయన. నిన్న ఆగలేక బండి తోసుకెళ్తే మీవాళ్ళు తన్ని పళ్ళన్నీ కాలవలో పోశారు. ఆయన వంగి ఏరుకుంటుంటే నవ్వారట. ఈ సోఫాలో కూర్చోవాలంటే కంపరం పుడుతోంది సార్."

"అరెరే! నా దాకా రాలేదే. అయినా నిషేధం ఉందని తెలిసీ ఎందుకెళ్ళాడు పెద్దాయన?"

"ఎత్తేయండి మరి."

"ఎత్తేస్తా. ఎత్తేయనన్నానా? ప్రెస్సు వాళ్ళ ముందు ఇంగ్లీషులో చెప్పాలి కదా. తడబడితే నా పరువేం కాను? ఆ వాక్యం నోరు తిరగనీ, మర్నాడే చెప్పేస్తా."

"తెలుగులో చెప్పండి!"

"తెలుగులో చెబితే ఆర్డరులా ఉంటుందా అమ్మా? ఇంట్లో మాట్లాడుకున్నట్టుంటుంది."

"కాఫీ తీసుకో అమ్మాయీ. ఏంటండీ, వంటింట్లోకి వినిపిస్తోంది, గొడవ పడుతున్నారా పాఠంలో?"

"మీరైనా చెప్పండి మేడమ్. ఒక్క వాక్యం రావట్లేదంటారు సారు."

"ఏది?"

"ఏదోలే. నువ్వు లోపలికెళ్ళు."

"ద బ్యాన్ హాజ్ బీన్ లిఫ్టెడ్, మేడమ్."

"అదా! అదేంటండీ, పోయినవారం ఫోనులో మీ పెద్దాఫీసరుకి గడగడా చెప్పారుగా! వినీ వినీ నాకే కంఠతా వచ్చేసింది."

"లోపలికెళ్ళమన్నానా?"

"పోయినవారమా? ఎత్తేశారా? మరి నిన్న మా నాన్నని..."

"అది అలా కాదు టీచరమ్మా. ఎత్తేశామంటే... పైవాళ్ళు ఎత్తేయమన్నారు, ఎత్తేశామని చెప్పాం. కింద ఇంకా..."

"కింద ఇంకా?"

"మా తమ్ముడు అక్కడే పళ్ళ షాపు తెరిచాడమ్మాయీ. కొత్త షాపు, పాపం. ఎదురుగా బళ్ళుంటే లోపలికెవరొస్తారు? వాడు నిలదొక్కుకునేదాకా ఈయనే చూసుకుంటున్నారు. చల్లారిపోతోంది, తాగు."

"వద్దు మేడమ్. నేను లేస్తాను."

"కూర్చో టీచరమ్మా. కూర్చో, మాట్లాడుకుందాం. ఎవరికి ఫోను? పెట్టెయ్. చెబుతున్నా, పెట్టెయ్!"

"నాన్నా, బండి బయటికి తియ్యి. నిషేధం పోయినవారమే ఎత్తేశారు... ఎవరన్నారా? అధికారిగారే. మనకి కాదులే, పైవాళ్ళకి. ఒక్క తప్పు లేకుండా ఇంగ్లీషులో చెప్పారట. నేర్పింది నేనేగా."